రన్నింగ్ కండిషన్‌లో ఉన్న పంపు

పుట్టుక, చావు, పాత కారు పెట్రోలు పంపు. ఈ మూడింటి జోలికి పై అధికారుల అనుమతి లేకుండా ఎవరూ వెళ్ళరాదని నాగరిక సమాజం ఏనాడో తీర్మానించుకుంది. మొదటి రెండింటి విషయంలో అక్కడక్కడ చూసీ చూడనట్టు పోతున్నా, మూడోదాని విషయంలో మాత్రం ప్రభుత్వం (ఏ ప్రభుత్వమైనా సరే) రాజీ పడలేదు. పడి ఉంటే సారక్క ఈపాటికి పర్ణశాల చూసి వచ్చేది.

సారక్కకు అరవై నాలుగేళ్ళు. ఆమె భర్త సమ్మయ్య బొగ్గుబావిలో పంపు ఆపరేటరు. అడుగున ఊరే నీళ్ళను ముప్పై నాలుగేళ్ళపాటు పైకి తోడించి, రిటైరై, కాలనీ ప్రహరీ గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అక్కడే ఎందుకంటే, గోడకు అవతలి క్వార్టరులో నాగక్క ఉంటుంది. ఇల్లు ఎక్కడైనా కట్టుకో గానీ గోడ మాత్రం నాగక్కదే కావాలని సారక్క పట్టుబట్టింది.

వాళ్ళ కారు అరవై రెండో సంవత్సరపుది. ఒకప్పుడు బావి మేనేజరు తిరిగిన కారు, కంపెనీ వేలంలో సమ్మయ్యకు వచ్చింది. ఈ కాలపు బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులో మునిగి, ఎవరికీ కనపడకుండా, గుప్తదానంలా పనిచేస్తుంది. ఈ కారులో అది డిక్కీలో, చెంబు అంత సైజులో, అందరికీ కనపడేట్టు ఉంటుంది. తాళం తిప్పితే కరెంటు అందుకుని టకటకమని కొట్టుకుంటూ పెట్రోలును ఇంజనుకు పంపుతుంది. దాని లోపల రెండు చిన్న లోహపు బిళ్ళలు ఉంటాయి. అవి తగిలి విడిపోతూ, తగిలి విడిపోతూ ఉంటేనే పంపు నడుస్తుంది. ఒక్కోసారి తగిలినవి విడిపోమని మొండికేస్తాయి. అప్పుడు దిగి, డిక్కీ తెరిచి, పానాతో నెత్తిన ఒక్కటి తగిలించాలి. విడిపోతాయి. బండి కదులుతుంది.

ఆ ఒక్కటి తగిలించే ఉద్యోగం ముప్పై ఏళ్ళుగా సారక్కది. ఆమెకు వీలుకాని రోజు నాగక్కది. కాలనీలో ఎవరికి నొప్పులొచ్చి దవాఖానాకు పోవాలన్నా, ఎవరి పెళ్ళికొడుకు ఊరేగాలన్నా ఆ కారే. వీళ్ళిద్దరూ పంపును కొట్టి, బండి కదిలించి, కాలనీ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు. ఎక్కినవాళ్ళు వేరు, కొట్టినవాళ్ళు వేరు.

నాగక్క భర్త రాజలింగు ఈ ఏడు రిటైరయ్యాడు. రెండు నెలల్లో క్వార్టరు ఖాళీ చేసి చెన్నూరు పక్కన వాళ్ళ సొంతూరికి పోవాలి. ఈ సంగతి తెలిసిన రోజు నాగక్క గోడ మీద మోచేతులు ఆనించి ఒక ప్రకటన చేసింది.

"వదినె, పోయేలోపు మనిద్దరం పర్ణశాల పోవాలె. సీతమ్మ చీరెలు ఆరేసిన బండలు చూడాలె. ముప్పై ఏండ్ల సంది అంటున్నం."

"బస్సుకు పోదామా?"

"బస్సెందుకే? గీ కారులనే పోవాలె. ఇన్నేండ్లు దాన్ని కొట్టినం. ఒక్కసారన్న అది మనల్ని మొయ్యొద్దా?"

ఈ వాదనకు సారక్క ఒప్పుకుంది. ఎవరైనా ఒప్పుకుంటారు.

అయితే పర్ణశాల దాకా పోయి రావడమంటే కాలనీ చుట్టూ తిరగడం కాదు. భద్రాచలం అడవి రోడ్డు మీద పంపు ఆగితే దిగి డిక్కీ తెరవడానికి అడవిపందుల అనుమతి కూడా కావాల్సి వస్తుంది. అందుకని సమ్మయ్య, సారక్క కారును జూలూరుపాడులోని దస్రు షెడ్డుకు తీసుకుపోయారు. పాత బండ్ల నాడి తెలిసినవాడని దస్రుకు పేరు. పంపు మూత విప్పి చూసి అతను తల ఊపాడు.

"అన్నా, బిళ్ళలు కాలి నల్లగైనయ్. గీకితే ఒక నెల నడుస్తది. కొత్త పంపు ఏస్తే మళ్ళ చూసే పనే లేదు. గంట పని."

"ఎయ్యి మరి," అన్నాడు సమ్మయ్య.

"ఆగు," అంది సారక్క.

కథలో మొదటి తప్పు ఇక్కడ జరిగింది. చేసింది సారక్క. ఆమె బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివే మనిషి. వారం కిందటే అటువంటి కాగితంలో ఒక ప్రకటన చదివింది. యాభై ఏళ్ళు దాటిన వాహనంలో కరెంటుతో నడిచే ఏ భాగాన్నైనా ముందస్తు అనుమతి లేకుండా మార్చినచో, సదరు వాహనాన్ని తుక్కుగా పరిగణిస్తారు. ఆ 'తుక్కు' అనే మాట అప్పటినుంచి ఆమెకు అన్నం సహించనివ్వడం లేదు.

"దస్రూ, పర్మిషన్ తెచ్చుకున్నంకనే ఎయ్యి. దుమ్ముగూడెం తొవ్వల ఎవరన్న ఆపి కారు గుంజుకపోతె నాగక్కకు నేనేం జెప్పాలె?"

"అక్కా, గీ పంపు దిక్కు ఎవడు చూస్తడే?"

"చూస్తరు. చూసేటోళ్ళు ఉన్నరనే గద ప్రకటన ఏసిన్రు."

దస్రు మూత బిగించేశాడు. చట్టాన్ని నమ్మినవాళ్ళతో వాదించకూడదని అతనికి వృత్తి నేర్పింది.

అనుమతి ఇచ్చే కార్యాలయం పేరు 'వయోవృద్ధ వాహన భాగాల మార్పిడి అనుమతి కేంద్రం'. దానికొక యాప్ ఉంది. ఆ యాప్ ముందుగా కారు ఫొటో అడుగుతుంది. కారు కళ్ళు (అంటే హెడ్‌లైట్లు) మూసి తెరిచినట్టు వీడియో తీయమంటుంది. పెన్షన్‌దార్లు బతికే ఉన్నట్టు చూపించే పద్ధతి విజయవంతం కావడంతో దాన్నే బండ్లకూ వర్తింపజేశారట. కారు మొదటిసారికే పాసైంది. సమ్మయ్యకు తన పెన్షను విషయంలో నాలుగుసార్లు పట్టింది.

సారక్క అద్దాలు పెట్టుకుని ఒక్కో గడీ చదివింది. సమ్మయ్య నొక్కాడు.

"బండి రంగు."

"పిస్తా."

"ప్రయాణ కారణం."

"తీర్థయాత్ర."

"పంపు ప్రస్తుత స్థితి."

సమ్మయ్య వేలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. 'రన్నింగ్' అని కొట్టాడు.

రెండో తప్పు ఇది. దీన్ని అర్థం చేసుకోవాలంటే బావిలోకి దిగాలి. అక్కడి షిఫ్టు రిజిస్టరులో 'పంపు స్థితి' అనే గడి ఉంటుంది. బొగ్గు పుట్టినప్పటినుంచి ఆ గడిలో 'రన్నింగ్' అని తప్ప ఇంకో మాట ఎవరూ రాయలేదు. ఆగింది అని రాస్తే, ఎందుకాగిందని ఇద్దరు దిగుతారు. ఎవరు ఆపారని మరో ఇద్దరు దిగుతారు. నలుగురూ సంతకాలు చేసి పైకెక్కే లోపల నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తాయి. దాని బదులు రన్నింగ్ అని రాసి, పానాతో ఒక్కటి తగిలిస్తే పంపు నిజంగానే రన్నింగ్‌లోకి వస్తుంది, రికార్డు కూడా అబద్ధం కాకుండా పోతుంది. ముప్పై నాలుగేళ్ళలో సమ్మయ్య పదివేలసార్లయినా ఆ మాట రాసి ఉంటాడు. పదివేల ఒకటోసారి ఫోనులో రాశాడు.

మూడో రోజు జవాబు వచ్చింది. 'రన్నింగ్‌లో ఉన్న పంపును మార్చుటకు నిబంధనలు అంగీకరించవు. అభ్యంతరం ఉన్నచో వాహనంతో సహా, వాహనం స్వశక్తితో, హాజరు కాగలరు.'

"నువ్వు రన్నింగని ఎందుకు రాసినవయ్యా?"

"మరేం రాస్తరే? ఆగిందని రాస్తరా ఎవరన్న?" అన్నాడు సమ్మయ్య. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

కార్యాలయం ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో, కింద టైల్స్ కొట్టు ఉన్న మేడ మీద ఉంది. పోయే దారిలో పంపు ఏడుసార్లు ఆగింది. సారక్క ఏడుసార్లు దిగి కొట్టింది. ఆగిన ప్రతిసారీ ఆమెకు ధైర్యం వచ్చింది. ఇంత బాగా ఆగుతున్న పంపును చూస్తే ఏ అధికారి అయినా కరిగిపోతాడని నమ్మింది.

అధికారి పేరు ప్రేమ్‌సాగర్. హోదా, సహాయ ఉప భాగాధికారి (చలన భాగాలు). మర్యాదస్తుడు. మెట్లు దిగి వచ్చి, డిక్కీ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సమ్మయ్య తాళం తిప్పాడు. పంపు టకటకమని మొదలుపెట్టి గంటా పదినిమిషాలు నడిచింది. కొత్త పెళ్ళికూతురి కాళ్ళ పట్టీల్లాగా, ఒక్క తాళం తప్పకుండా నడిచింది. టైల్స్ కొట్టు వాళ్ళు కూడా వచ్చి విని మెచ్చుకున్నారు.

"చాలా బాగుందమ్మా మీ పంపు," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఆగుతది సారూ. తొవ్వల ఏడుసార్లు ఆగింది."

"ఆగినప్పటి ఫొటో ఉందా?"

"ఆగిన పంపు ఫొటో, నడిచే పంపు ఫొటో ఒక్కతీర్గనే ఉంటయ్ గద సారూ?"

"అందుకే ఫొటో చెల్లదు."

"వీడియో తీస్తం."

"ఆగింది పంపా, వీడియోనా అని పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?" అతని గొంతులో నిజమైన బాధ ఉంది. "అసలు ఆగిన పంపు నా పరిధి కాదమ్మా. నావి చలన భాగాలు. ఆగితే అది నిశ్చల భాగం అవుతుంది. అరుణశ్రీ మేడం చూస్తారు."

అరుణశ్రీ మేడం పక్క టేబులే. ఆమె ఇంకా మర్యాదస్తురాలు. సారక్కకు మంచినీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టి వివరించింది. పంపు తన విభాగంలోకి రావాలంటే నలభై ఎనిమిది గంటలు నిరంతరాయంగా ఆగి ఉండాలి. ఆ విషయం దగ్గర్లోని మెకానిక్ రాసివ్వాలి. ఆ కాగితంతో వాహనం స్వశక్తితో కార్యాలయానికి రావాలి.

"ఆగినంక ఎట్లొస్తదమ్మా?"

అరుణశ్రీ పెన్ను తీసింది. "ఇంతవరకూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదండీ," అంది గౌరవంగా, దాన్ని ఒక కాగితం మీద రాసుకుంది.

అంతటితో పంపు 'పరిశీలనలో ఉన్న భాగం' అయింది. మూత మీద లక్క ముద్ర వేశారు. ఎవరూ విప్పరాదు, గీకరాదు, మార్చరాదు. అనుమతి వచ్చేదాకా కారు ఇంటినుంచి రెండు కిలోమీటర్లు దాటరాదు, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం మించరాదు (ఇంటికి పోవడానికి, మళ్ళీ కార్యాలయానికి రావడానికి మాత్రం మానవతా దృక్పథంతో సడలింపు ఇచ్చారు). వచ్చేటప్పుడు పంపు నాలుగుసార్లు ఆగింది. ముద్రకు దెబ్బ తగులుతుందేమోనని సారక్క పంపును కాకుండా దాని పక్క రేకును కొట్టింది. చట్టం దృష్టిలో పంపు వేరు, రేకు వేరు. పంపుకు మాత్రం ఆ తేడా తెలియదు. నడిచింది.

నాగక్క పోవడానికి ఇంకా పంతొమ్మిది రోజులు.

మర్నాటినుంచి సమ్మయ్య ఇంట్లో పంపును ఆపే కార్యక్రమం మొదలైంది. బ్యాటరీకి చార్జరు తగిలించి, తాళం తిప్పి ఉంచి, దానంతటది ఆగేదాకా ఎదురుచూడాలి. ఆగిన నిమిషం నుంచి నలభై ఎనిమిది గంటలు లెక్కపెట్టాలి. ఆగాలి అనుకున్న పంపు మూడు రోజులు ఆగలేదు. నాగక్క గోడ దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టకటక వింటూ కూర్చున్నారు.

"దీనికి మన తీరే వచ్చింది వదినె," అంది నాగక్క. "పనికిరానప్పుడు మస్తుగ పనిజేస్తది."

"నువ్వు నవ్వుతున్నవ్. నాకు లోపల దడదడ అంటున్నది."

"నీకెప్పుడు దడ లేదే? పెండ్లైన కొత్తల బాయికాడ ప్రమాదం సైరన్ మోగినప్పుడల్ల గేటుకాడికి ఉరికెటోళ్ళం. నీ దడకు నేను ఉరికేదాన్ని."

నాలుగో రోజు పొద్దున తొమ్మిదీ పదికి పంపు ఆగింది. సారక్క క్యాలెండరు మీద టైము రాసి, దాని చుట్టూ పసుపు గీత గీసింది. దస్రుకు ఫోను చేసింది. నలభై ఎనిమిది గంటలకు వచ్చి రాసిస్తానన్నాడు. కారు మాత్రం ఖమ్మం దాకా ఎట్లా పోతుందంటే, "ట్యాంకును పట్టించుకోకుండ టాప్ మీద పెట్రోలు డబ్బా కట్టి పైపు దించుదమక్కా. కిందికి దానంతటదే దిగుతది. పంపుతోని పనే లేదు," అన్నాడు. స్వశక్తి అంటే అదే కదా అని సారక్కకు కొండంత బలం వచ్చింది. ఆ రోజే పర్ణశాలకు కట్టుకునే చీరె తీసి ఎండకు వేసింది.

గంటలు గడిచాయి. పది, ఇరవై, ముప్పై. నలభయ్యో గంట దాటింది.

నలభై ఐదో గంటలో ఏం జరిగిందో సమ్మయ్యకు కూడా సరిగ్గా చెప్పడం చేతకాలేదు. నిద్రలేచి, పండ్లపుల్ల నోట్లో వేసుకుని, పెరట్లోకి పోతూ కారు పక్కనుంచి నడిచాడు. తెరిచి ఉన్న డిక్కీలో ఆగిపోయిన పంపు ఒకటి కనపడింది. పానా చేతికి అందేంత దూరంలో ఉంది.

టక్.

టకటకటకటక.

సారక్క వంటింట్లోనుంచి ఉరికి వచ్చింది. సమ్మయ్య పానా పట్టుకుని, పుల్ల నోట్లోనే ఉంచుకుని, తన చేతి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆగి ఉన్నదే," అన్నాడు మెల్లగా. "చూసి ఎట్ల ఊకుంట?"

గోడ అవతల నాగక్క నవ్వు వినిపించింది. చాలాసేపు నవ్వింది. తర్వాత స్టూలు లోపలికి ఈడ్చుకుపోయిన చప్పుడు వినిపించింది.

సారక్క భర్తతో ఒక రోజంతా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మాట పెట్టలేదు. సాయంత్రం సమ్మయ్య గుమ్మంలో కూర్చుని ఎవరికో చెప్తున్నట్టు అన్నాడు. "బాయిల పంపు ఆగితె, ఇగ మనుషులు పైకి రారే. ఆ ఆగిన సప్పుడు చెవులకెల్లి పోదు."

సారక్క మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. మాట్లాడడానికి మాత్రం తెల్లారేదాకా ఆగింది.

లెక్క మళ్ళీ మొదటినుంచి. ఈసారి పంపు ఆరు రోజులు ఆగలేదు. ఆగిన రెండో రోజు వర్షానికి కాలనీలో కరెంటు పోయి, చార్జరు చచ్చి, బ్యాటరీ దిగిపోయింది. పంపు ఆగిందా, కరెంటు లేక ఊరుకుందా అన్నది నిర్ధారించలేమని కార్యాలయం ఫోనులో చెప్పింది. అరుణశ్రీ మేడంను అడిగితే చెప్పేది గానీ ఆమె శిక్షణకు పోయింది. (శిక్షణ, ఆగిన భాగాలను గుర్తించడంలో.) ఆమె వచ్చేది పదో తారీఖు. నాగక్క పోయేది ఐదో తారీఖు.

"దస్రును పిలుస్త. ముద్ర తీసి పంపు ఏపిస్త," అని ఆఖరుకు సారక్కే అంది. నాగక్క ఒప్పుకోలేదు.

"వద్దే. కారు తుక్కుకు పోతె నువ్వు దినాం ఆ జాగను చూసుకుంట కూసుంటవ్. నేను పోయిన జాగ ఒకటి చాలదా?"

ఐదో తారీఖు రానే వచ్చింది. సామాను వ్యాను పొద్దున్నే కదిలింది. డ్రైవరు పక్కన సీట్లో రాజలింగు, టీవీ కూర్చున్నారు. నాగక్కకు జాగా లేదు, బస్సుకు వస్తానంది. బస్‌స్టాపు ఇంటినుంచి కిలోమీటరున్నర. అంటే అనుమతి పరిధిలోనే.

సమ్మయ్య కారు తీశాడు. సారక్క, నాగక్క వెనక సీట్లో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళలో ఆ సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. నాగక్క సీటును చేత్తో తడిమి చూసింది.

"మెత్తగనే ఉన్నదే. గిందుకేనా అందరు ఎక్కుడు?"

గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో కారు కదిలింది. సైకిళ్ళు దాటిపోయాయి. ఒక ఆవు కాసేపు పక్కపక్కనే నడిచి, విసుగొచ్చి, ముందుకు పోయింది. వెనక డిక్కీలో పంపు టకటకమంటూనే ఉంది. సారక్క పానాను ఒళ్ళో పెట్టుకుని, ఏ కాగితం కోసమూ కాకుండా, జీవితంలో మొదటిసారి ఆ పంపు ఆగాలని మొక్కుకుంది. కాలనీ గేటు దగ్గర ఆగుతుందనుకుంది. ఆగలేదు. స్పీడు బ్రేకరు దగ్గర తప్పకుండా ఆగేది, అక్కడా ఆగలేదు. ఏ మెకానికూ, ఏ అధికారీ తేలేనంత నికార్సయిన కండిషన్‌లో అది బస్‌స్టాపు దాకా నడిచింది.

బస్సు వచ్చే ఉంది.

"ఏడ్వకు," అంది నాగక్క, తనే కళ్ళు తుడుచుకుంటూ. "మా ఊరు గోదావరి ఒడ్డుకే. నేను ఆడ బట్టలు ఉతికితె ఆ నీళ్ళు మీ పర్ణశాలకే వస్తయ్. పోయి చూసుకో."

"నువ్వు లేకుండ నేనెందుకు పోతనే?"

"గట్లనకు. పోయి చూసి, సీతమ్మ చీరెల రంగు ఎట్లుందో ఫోన్ల చెప్పు."

కండక్టరు జల్దీ అన్నాడు. నాగక్క ఎక్కింది. బస్సు పోయింది. దానికి ఏ అనుమతీ అక్కర్లేకపోయింది.

తొమ్మిదో తారీఖు సారక్క ఫోను మోగింది. నెలల తరబడి పేరుకున్న దరఖాస్తులన్నిటినీ ఒక్క రోజులో తీర్చేయాలని పైనుంచి ప్రత్యేక కార్యక్రమం వచ్చిందట. ఆ రోజు ఉన్న దరఖాస్తులన్నిటికీ, చలనమా నిశ్చలమా అని చూడకుండా, అనుమతి ఇచ్చేశారు. సారక్క దరఖాస్తుకూ వచ్చింది. పంపు మార్చుకోవచ్చు. రాష్ట్రమంతటా, ఎంత వేగంతోనైనా తిరగవచ్చు. దస్రు వచ్చి ముద్ర పగలగొట్టి, నలభై నిమిషాల్లో కొత్త పంపు బిగించి, టీ తాగి పోయాడు. ఇప్పుడు కారు ఎక్కడా ఆగదు. పానా పట్టుకుని వెనక ఎవరూ కూర్చోనక్కర్లేదు.

ఆ సాయంత్రమే యాప్ మళ్ళీ పలకరించింది. సారక్క అద్దాలు పెట్టుకుని చదివింది. 'మా సేవ మీకు ఎలా ఉంది? నక్షత్రాలు ఇవ్వండి. ఐదుకు తక్కువ ఇచ్చినచో కారణం యాభై అక్షరాలకు మించకుండా తెలపండి.'

సారక్క అరుగు మీద కూర్చుని వేళ్ళ మీద అక్షరాలు లెక్క పెట్టుకుంది. రెండుసార్లు లెక్క పెట్టుకుంది. సరిపోవు.

ఐదు నక్షత్రాలూ నొక్కింది.